లైవ్ పెన్ డ్రైవ్ ఆత్మకథ

నేనొక పెన్ డ్రైవ్‌ని. చూడటానికి బొటనవేలంతే ఉంటాను గానీ, నాలో లినక్స్ వ్యవస్థ మొత్తం ఉంది. నన్ను పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే, హార్డ్ డిస్క్ జోలికి పోకుండానే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది.

మా వంశానికి పేరు తెచ్చింది నాపిక్స్ అనే లైవ్ సీడీ. 2000లో జర్మనీకి చెందిన క్లౌస్ క్నోపర్ దాన్ని విడుదల చేశారు. 700 ఎంబీ సీడీలో దాదాపు 2 జీబీ సాఫ్ట్‌వేర్‌ను కుదించి పెట్టారు. అయితే సీడీ మీద రాయలేం కదా, చేసిన మార్పులు మామూలుగా ర్యామ్‌లోనే ఉండి, కంప్యూటర్ ఆపగానే పోయేవి. లినక్స్ డిస్క్‌లో స్థిరపడాలంటే ఇన్‌స్టాల్ చేసి, రీబూట్ చేయాల్సిందే.

నాతో ఆ రీబూట్ అక్కర్లేదు. నా ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్, 2009లో 2.6.29 కెర్నల్‌తో లినక్స్‌లోకి వచ్చింది. నన్ను తయారుచేసినాయన దాన్ని సీడ్‌గా, అంటే విత్తనంలా, మార్చి పెట్టాడు. ఇక నన్ను చదవడమే తప్ప, నాలో రాయడం కుదరదు.

ఒకరోజు కాలేజీ ల్యాబ్‌లో ఒకమ్మాయి కంగారుగా వచ్చింది. "సార్, రిపోర్ట్ ఇవాళే ఇవ్వాలి, సిస్టమ్ బూట్ కావట్లేదు!"

ల్యాబ్ సార్ డిస్క్‌లోని పాత ఫైళ్లు ముందు వేరేచోట భద్రపరిచాడు. నన్ను పెట్టి ఆన్ చేశాడు. డిస్క్‌లో బూట్ కోసం చిన్న భాగం, మిగతాదంతా ఇంకో భాగం చేశాడు. ఆ పెద్ద భాగాన్ని 'డివైస్ యాడ్' ఆదేశంతో నాకు జత చేసి, రాయడానికి వీలుగా రీమౌంట్ చేశాడు.

"కూర్చో అమ్మా, టైప్ చేసుకో. నా పని పక్క సిస్టమ్ నుంచి చూసుకుంటా" అన్నాడు.

అప్పటినుంచి ఆమె సేవ్ చేసిన ప్రతి వాక్యం నేరుగా డిస్క్‌లోకే వెళ్లింది. ప్రోగ్రాములు మాత్రం ఇంకా నా దగ్గర్నుంచే నడుస్తున్నాయి. అంతలో సార్ పక్క సిస్టమ్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా, నన్ను తప్పించే 'డివైస్ రిమూవ్' ఆదేశం ఇచ్చాడు. నా లైటు ఆగకుండా మిణుకుమంది. నాలో ఉన్నదంతా విడతలు విడతలుగా డిస్క్‌కి చేరుతోంది. ఆ అమ్మాయి వేళ్లు కీబోర్డు మీద ఆగనేలేదు. కాపీ పూర్తయ్యాక సార్ ఎఫ్‌స్టాబ్ ఫైల్లో డిస్క్ కొత్త గుర్తింపు సంఖ్య (యూయూఐడీ) రాసి, ఇకపై డిస్క్ నుంచే బూట్ అయ్యేలా గ్రబ్ ఎక్కించి, నన్ను బయటికి తీశాడు. తెర మీద రిపోర్ట్ అలాగే ఉంది. ఆమె తర్వాతి పేరా మొదలుపెట్టింది.

నాలో ఒక్క బైటు కూడా తగ్గలేదు, మారలేదు. పక్క కంప్యూటర్‌కైనా ఇదే సంపూర్ణ వ్యవస్థను ఇవ్వగలను. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే లైసెన్సుతో వచ్చిన సాఫ్ట్‌వేర్ నాది. డబ్బు లేదనో, కంప్యూటర్ పాతదనో ఏ విద్యార్థి పనీ ఆగకూడదు. అందుకు నేను పనికొస్తున్నాను. నా బతుకుకి అంతకన్నా సార్థకత ఏం కావాలి?