పిన్నీసు పరీక్ష

ఈ ఇంజను తన కథ తానే చెప్పుకుంటోంది గానీ ‘నేను’ అనదు. డెబ్బై ఏళ్లుగా ఎవరెవరో వచ్చి, బోర్లించి, భూతద్దం పెట్టి, “ఇది ఫలానా ఏడాదిది” అని తమలో తాము వాదించుకోవడం విని విని, తనను తాను ‘ఇది’ అనుకోవడమే దానికి అలవాటైపోయింది.

పుట్టింది అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం ఇర్వింగ్టన్‌లో ఉండిన లయొనెల్ కర్మాగారంలో. జాషువా లయొనెల్ కోవెన్ 1900లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన కంపెనీ అది. ఆయన తొలి కరెంటు బండి పిల్లల కోసం చేసింది కాదట, దుకాణం అద్దం వెనక తిరుగుతూ దారినపోయేవాళ్లను ఆపడానికట. జనం ఆగారు, సరుకును వదిలేసి బండి ఎంతని అడిగారు. కంపెనీ తరతరాలుగా చెప్పుకున్న కథ ఇది. 1950ల తొలి ఏళ్లకు అదే ప్రపంచంలోకెల్లా పెద్ద బొమ్మల కంపెనీ అయింది. ఆ రోజుల్లో పుట్టానన్న దర్జా ఇంజనుకు ఇంకా తగ్గలేదు.

ఒళ్లంతా పోత లోహం, చేతిలోకి తీసుకుంటే మణికట్టుకు బరువు తెలుస్తుంది. ముందు రెండు చిన్న చక్రాలు, నడుమ ఎనిమిది పెద్దవి, వెనక నాలుగు. అసలు రైల్వేలో ఈ అమరిక ఇంజన్లను బెర్క్‌షైర్లు అంటారు. మసాచుసెట్స్‌లోని బెర్క్‌షైర్ కొండల మార్గంలో సత్తా చూపినందుకు ఆ పేరు. బొమ్మ పరుగెత్తేది మాత్రం అంగుళంపావు వెడల్పు దారి మీద. రెండు పట్టాల నడుమ మూడోది ఒకటుంటుంది, కరెంటు దాని నుంచే అందుతుంది.

ఎవరింట్లో ఎన్నేళ్లున్నదీ చెప్పుకుంటే పొద్దుపోతుంది. చివరికి అటక మీద నుంచి దిగి, ఒక ఎండాకాలం శనివారం, అదే రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఒకరి ఇంటి ముందు గరాజ్ సేల్ బల్ల మీద, తన పెట్టెలు, ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా తేలింది. ఎడిసన్‌లో తెలుగు ఇళ్లకు కొదవలేదు. కాజీపేట లోకో షెడ్డులో పనిచేసి రిటైరై, కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన మనవడితో అటు నడిచారు. పుట్టిన ఊరికి అరగంట కారు ప్రయాణం దూరంలో, ఆవిరి ఇంజన్ల మసి తెలిసిన చేతుల్లో పడ్డానని ఇంజను మురిసిపోయింది.

ఇంటికి రాగానే మనవడు ప్లగ్గు పెట్టబోయాడు. “ఆగరా కన్నా, ముందు వైరు చూడు” అన్నారు తాతయ్య. నిజమే, ట్రాన్స్‌ఫార్మర్ తీగ మీది తొడుగు అప్పడంలా పెళుసుబారి ఉంది. అది మార్చేదాకా స్విచ్చు జోలికి పోనివ్వలేదు.

ఈలోగా లైబ్రరీ నుంచి తెచ్చిన కలెక్టర్ల పుస్తకం ముందేసుకుని వయసులు తేల్చడం మొదలైంది. వ్యాగన్ పక్కన అది కట్టిన తేదీ, మరమ్మతు తేదీ రంగుతో రాసి ఉండటం తాతయ్య సర్వీసంతా చూశారు. అందుకే పైకప్పులేని గోండోలా పెట్టె మీద ‘న్యూ 2-49’ కనబడగానే “1949 ఫిబ్రవరి. అయిపోయింది” అన్నారు. ఇంజనుకు లోలోపల నవ్వొచ్చింది. పెద్ద రైలును చూసి బొమ్మ వేసుకున్న వేషం అది! ఆ నమూనా బజారులోకి వచ్చిన కాలాన్ని చెబుతుందే తప్ప, ఈ పెట్టె తయారైన రోజును కాదు. అవే అక్షరాలు ఏళ్ల తరబడి అచ్చవుతూ పోయాయి.

నిజం కిందుంది. మనం పెట్టెనే బోగీ అంటాం గానీ, షెడ్డువాళ్లకు బోగీ అంటే కింద చక్రాలు బిగించిన చట్రం. తాతయ్య గోండోలాను బోర్లించారు. 1945 నుంచి 1951 దాకా లయొనెల్ లోహపు బోగీల కొస స్టేప్లర్ పిన్ను కాలు మడిచినట్టుంటుంది. 1952 నుంచి అడ్డపట్టీ కొస తిన్నగా కనిపిస్తుంది. 1957 నుంచి ప్లాస్టిక్ బోగీలు వచ్చాయి. గోండోలాకు ఉన్నది తిన్నని కొస. అంటే పక్కన రాసిన తేదీ కన్నా కనీసం మూడేళ్లు చిన్నది. ఇంకో పెట్టెకు మడతకాలు, చివరనుండే గార్డు పెట్టె కబూస్‌కు ప్లాస్టిక్. ఎవరో ఏటా క్రిస్మస్‌కు ఒకటి చొప్పున కొని కలుపుకుంటూ వచ్చారన్నమాట. ట్రాన్స్‌ఫార్మర్ రేకు మీద 250 వాట్లని ఉంది. జెడ్‌డబ్ల్యూ అనే ఈ రకం 1948, 1949లో 250 వాట్లది, 1950 నుంచి 275. కాబట్టి ఇంట్లో పెద్దన్న అదే కావచ్చు.

పెట్టెలను కలిపే కొక్కేలు చూసి చెప్పగలిగింది కొంతే. పిడికిలి బిగించినట్టుండే ఈ రకం 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చింది. యుద్ధానికి ముందు బళ్లకు వేరే కొక్కేలు.

ఇక మిగిలింది ఇంజను. క్యాబ్ కిటికీ కింద 726 అంకె మసకగా ఉంది. మనవడు సబ్బునీళ్లు తెచ్చాడు. తాతయ్య వద్దని, పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము మాత్రం దులిపారు. ఆ ముద్ర ఒక్క రుద్దుడుకు పోతే జాతకమే పోయినట్టు. 726 అనే బెర్క్‌షైర్ 1946లో వచ్చింది. 1950లో దాని స్థానంలో 736 దిగింది. కొత్తదాని గొప్ప, చక్రాల్లోకి అయస్కాంతాన్ని పంపి పట్టాలను గట్టిగా పట్టుకునేలా చేసిన మాగ్నెట్రాక్షన్.

“ఏమేవ్, ఒక పిన్నీసు ఇటివ్వు” అన్నారు తాతయ్య. అమ్మమ్మ గాజులకు తగిలించుకున్నది తీసిచ్చింది. చక్రానికి ఆనించారు, జారి కింద పడింది. అయస్కాంతం లేదు, 736 కాదు. అయితే 1950కి ముందుదేనా? అప్పుడు మనవడి కళ్లకు అంకె కింద రెండు చిన్న అక్షరాలు ఆనాయి: ఆర్‌ఆర్.

ఈ రెండక్షరాల వెనక ఒక యుద్ధం ఉంది. కొరియా యుద్ధంతో అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపి చేసే ఆల్నికో అయస్కాంతాలకు కరువొచ్చింది. 1952లో కంపెనీ కొన్ని ఇంజన్లను అయస్కాంతం లేకుండానే చేసి, పాత అంకెకు ఆర్‌ఆర్ తగిలించి అమ్మింది. కొరత తీరాక మళ్లీ 736 వచ్చింది. లోపంతో పుట్టినందుకు ఇంజను చాన్నాళ్లు చిన్నబోయింది, ఆ లోపమే తన పుట్టిన సంవత్సరాన్ని ఇంత గట్టిగా పట్టిచ్చిందని ఆ రోజే తెలిసింది.

ఇలాంటి అదృష్టం అందరికీ ఉండదు. 1957లో ఆడపిల్లల కోసమని గులాబి రంగు ఇంజనుతో ఒక సెట్టు చేశారు. అప్పుడు కొన్నవాళ్లు తక్కువ, ఇప్పుడు వెతికేవాళ్లు ఎక్కువ. దాంతో మామూలు ఇంజనుకు గులాబి పూసి అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. పాత రంగు పైన కొత్త పూత పడితే స్క్రూ గాడిలో, లోపలి అంచుల్లో దొరికిపోతుంది. ఈ ఇంజనుకు నలుపే, ఎవరూ ముట్టలేదు.

కొత్త వైరు బిగించాక హాల్లో పట్టాలు పరిచారు. పొగగొట్టంలో తెల్లటి మాత్ర వేస్తే లోపలి వేడి తీగ దాన్ని కరిగించి పొగ తీస్తుంది. మాత్రలు లేవు గనుక ఇంజను పొగ లేకుండానే కదిలింది, మలుపులో కాస్త జారింది కూడా. తాతయ్య ఒక చీటీ మీద 1952 అని రాసి అట్టపెట్టె అడుగున అంటించారు. కబూస్ చీటీ మీద ‘1957 లేదా తరవాత’ అని రాస్తుంటే, మనవడు ఆ కబూస్‌నే ఊడదీసి ఇంజను ముందు తగిలిస్తున్నాడు.