కొబ్బరిచెట్టూ, ఎయిర్‌పోర్టు డైరెక్టరూ

టికెట్ రేటు నేను పెట్టను. ఈ ముక్క ఫ్లెక్సీ మీద అచ్చేయించి ఇంటి గేటుకి కట్టిద్దామనుకుంటున్నాను. మా ఆవిడ వద్దంటోంది. ఫొటో లేని ఫ్లెక్సీ ఈ ఊళ్లో ఎవరూ చదవరట. నా ఫొటో వేస్తే పుట్టినరోజనుకుని దండలు పట్టుకొస్తారట.

పండక్కి హైదరాబాదు టికెట్ ఎంతుందో చూసి గుండె పట్టుకున్న ప్రతివాడికీ తిట్టడానికి ఒక మనిషి కావాలి. విమానం కంపెనీ ఆఫీసు ఎక్కడుంటుందో వాళ్లకి తెలియదు. యాప్‌లో అడిగితే యంత్రం క్షమాపణ చెబుతుంది, యంత్రాన్ని ఏమని తిడతారు? నేనైతే రైతుబజార్లో వంకాయలు ఏరుకుంటూ దొరుకుతాను. శంషాబాద్ విమానాశ్రయం పెద్ద వచ్చి కూరగాయల కొట్టు ముందు నిలబడ్డా 'కాస్త పక్కకి జరగండి' అంటారే తప్ప ఆయనెవరో ఎవరికీ పట్టదు. చిన్న ఊరి ఎయిర్‌పోర్టు డైరెక్టరుకి ఆ సుఖం లేదు. (ఇంకా సర్వీసులోనే ఉన్నాను కాబట్టి ఊరి పేరు రాయను. కోస్తాలో ఒక ఊరు. అంతే.)

మొన్న సెలూన్లో కుర్చీలో కూచున్నాను. గొంతు మీద కత్తి ఆనించి, "ఏంటి సార్, బెంగుళూరు ఎనిమిదివేలంట?" అన్నాడు. కత్తి అక్కడున్నప్పుడు ఎవడైనా వినయంగానే మాట్లాడతాడు. "అది కంపెనీవాళ్ల ఇష్టం నాయనా, నా చేతిలో లేదు" అన్నాను. కత్తి ఆపాడు. "మరి అక్కడ మీరేం చేస్తారు సార్?"

గడ్డం సగమే అయింది, లేచిపోవడానికి లేదు. చెప్పాను. నా అధీనంలో ఉన్నవి: రన్‌వే, రన్‌వే మీద దీపాలు, దాని పక్కన గడ్డి, గడ్డిలో పురుగులు, పురుగుల కోసం వాలే కొంగలు, గోడ కింద కన్నం చేసుకుని దూరే కుక్కలు, టెర్మినల్లో మరుగుదొడ్లు. నా అధీనంలో లేనిది: విమానం. అతను కాసేపాలోచించి, "అంటే సార్, బస్టాండులో డీఎం గారికన్నా తక్కువేనన్నమాట" అన్నాడు. కాదనడానికి నోరు రాలేదు. డిపో మేనేజరు చేతిలో కనీసం బస్సులుంటాయి.

1994లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం రద్దయిన దగ్గర్నుంచీ టికెట్ ధర మామూలుగా కంపెనీల చేతిలోదే. ఆ మధ్య ఉడాన్ పథకం వచ్చింది. 2017 ఏప్రిల్ 27న దాని మొదటి విమానాలు ఎగిరాయి, సిమ్లా–ఢిల్లీతోపాటు మన కడప–హైదరాబాదు కూడా అందులో ఉంది. అప్పట్లో గంట ప్రయాణానికి 2,500 రూపాయలు, అదీ సగం సీట్లకి. కంపెనీకి వచ్చే లోటుని మూడేళ్లు సర్కారు పూడ్చేది. సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడిలా ఆ మూడేళ్లూ మర్యాదలందుకుని, మర్యాదలు ఆగగానే సంచీ సర్దుకున్న కంపెనీలు దేశమంతటా ఉన్నాయి. ఏ ఊరి నుంచి సర్వీసు ఎత్తేసినా ఆ ఊరివాళ్ల కోపం మాత్రం డైరెక్టరు మీదే. ఆయనే రెక్కలు విరిచి దాచుకున్నట్టు చూస్తారు.

పోనీ, పైన ఒక కమిటీ ఉంది. విమానాశ్రయ సలహా సంఘం. స్థానిక ఎంపీగారు అధ్యక్షులు, నేను కన్వీనరుని. కన్వీనరంటే జీడిపప్పు తెప్పించేవాడు. మీటింగు పెట్టిన ప్రతిసారీ దుబాయ్‌కి విమానం వెయ్యాలని తీర్మానం చేస్తారు. నేను రాసుకుంటాను. ఆ తర్వాత అసలు విషయం, అంటే పార్కింగ్ రుసుము, దాని మీదే మిగతా పొద్దంతా గడుస్తుంది.

ఆదివారాల సంగతి వేరు. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్లలోపు బహిరంగంగా జంతువుల్ని కొయ్యకూడదు, పక్షులు మూగేలా చెత్త పొయ్యకూడదు అని నిబంధన. కారణం తేలికే: కోడి పేగులు పారేస్తే గద్దలొస్తాయి, గద్ద ఇంజన్లోకి పోతే ఇంజన్ పాడవుతుంది. ఊరు మొత్తం ఆ 10 కిలోమీటర్లలోనే ఉంది. ఆదివారం పొద్దున్న చికెన్ కొట్టు ముందు నిలబడి, "వ్యర్థాలు గోడ దగ్గర వెయ్యకు బాబూ" అని బతిమాలుతుంటే కొట్టతను నాకు బరువు తూచి మరీ ఒక ముక్క ఎక్కువ వేస్తాడు. లంచమనుకుంటాడు కాబోలు. నేను శాకాహారినని చెప్పినా నమ్మడు. శాకాహారికి కోడి పేగులతో పనేమిటని అతని అనుమానం.

ఇవన్నీ సరే. నన్ను కొబ్బరిచెట్టు తిన్నట్టు ఇంకేదీ తినలేదు.

రన్‌వే చివర దాటి 60 మీటర్లు పోయాక కంటికి కనపడని ఒక వాలు మొదలవుతుంది. ముందుకి 50 మీటర్లు పోతే పైకి ఒక మీటరు. విమానం దిగేటప్పుడు ఆ వాలులోకి ఏదీ పొడుచుకు రాకూడదు. నేల సమంగా ఉంటే, వాలు మొదలైన చోటికి అర కిలోమీటరు దూరంలో ఉన్న వస్తువు 10 మీటర్లు మించకూడదన్నమాట. నాటు కొబ్బరి 20 మీటర్లు దాటి పెరుగుతుంది. మేడ కట్టేవాడైతే మా దగ్గర ఎన్‌ఓసీ తీసుకుంటాడు, ఎత్తు రాసిస్తాం, అక్కడితో ఆపుతాడు. కొబ్బరిచెట్టు ఎక్కడా ఆపదు. పైగా దానికి దరఖాస్తు పెట్టే అలవాటు లేదు.

రన్‌వే ఆ చివర గోడవతల ఒక పెద్దాయనకి మూడు చెట్లున్నాయి. సర్వేలో మూడూ అడ్డమని తేలింది. మొదటిసారి వెళ్లినప్పుడు అరుగు మీద కూచోబెట్టి బొండాం కొట్టిచ్చాడు. అదే చెట్టుది. సాక్ష్యాన్ని తాగుతూ విషయం చెప్పాను.

"చెట్టు మీ దగ్గరికి రాలేదు కదా బాబూ," అన్నాడు. "మీరే దాని దగ్గరికొచ్చారు."

నిజమే. పెద్ద విమానాలు దిగాలని రన్‌వే పొడుగు చేసింది మేమే. చెట్లు అంతకుముందు నుంచీ ఉన్నాయి.

పై ఆఫీసుకి రాస్తే, చెట్లను తగిన ఎత్తుకి కత్తిరించి నివేదిక పంపమన్నారు. ఆ ఉత్తరం రాసినాయన వేపచెట్టుని తలచుకుని రాసి ఉంటాడు. కొబ్బరికి కొమ్మలుండవు. పెరిగేదంతా తలలో ఉన్న ఒక్క మొవ్వుతోనే. మొవ్వు కొడితే మిగిలేది స్తంభం. ఈ వృక్షశాస్త్రం అంతా ఇంగ్లీషులో, నాలుగు పేరాల్లో, ఫొటో జతచేసి పంపాను. ఫొటోలో చెట్టు స్పష్టంగా లేదు, మళ్లీ పంపమని జవాబొచ్చింది.

ఈలోగా పెద్దాయనే ఒక ఉపాయం చెప్పాడు. సెల్ టవర్లకి పైన ఎర్రదీపం పెడతారు కదా, దీనికీ పెట్టండి. అలా తీసిపారెయ్యాల్సిన మాట కాదది. తీసెయ్యడానికి వీల్లేని అడ్డంకులకి దీపం పెట్టడం, ఎరుపూ తెలుపూ పట్టీలు వెయ్యడం మా పుస్తకంలోనూ ఉంది. ఊహించుకున్నాను. మూడు చెట్లు, మొదలు నుంచి మట్టల దాకా పట్టీలు, నెత్తిన దీపం. కార్తీకమాసంలో ఎవరో ఒకరు వచ్చి ప్రదక్షిణలు మొదలెడతారు. ఆపైన హుండీ. హుండీ వచ్చాక ఆ చెట్టుని ఏ ప్రభుత్వమూ కొట్టలేదు. అదీగాక బల్బు మార్చేదెవరు? దింపు తీసేవాళ్లు చెట్టుకింత అని తీసుకుంటారు, కాయలు దింపడానికి. బల్బుకి రేటెంతని ఒకతన్ని అడిగాను. "కరెంటు పని మాది కాదండీ," అన్నాడు. కరెంటు వాళ్లనడిగాను. చెట్టెక్కడం వాళ్ల పని కాదట.

కొబ్బరి అక్కడితో వదల్లేదు. టెర్మినల్లోకీ వచ్చింది. మా వైపు ఆడపిల్లకి పెట్టే సారెలో కురిడీ లేకుండా ఉండదు. విమానయానంలో ఎండుకొబ్బరి దానంతటదే అంటుకోగల సరుకు కింద లెక్క. ప్రమాదకర వస్తువుల జాబితాలో దానికి యూఎన్ 1363 అని నంబరు కూడా ఉంది. బ్యాగులో కురిడీలు దొరికిన అత్తగారు నేరుగా నా గదికొస్తుంది. "మా ఇంట్లో అటక మీద ముప్పై ఏళ్లుగా ఉంటున్నాయి, ఎప్పుడైనా అంటుకున్నాయా?" అంటుంది. నిబంధన చూపిస్తాను. పచ్చిగా ఉంటే ఆకాశానికి అడ్డమంటారు, ఎండితే బాంబంటారు, కొబ్బరి మీద మీకేమిటి పగ అని అడిగిందొకావిడ. నా దగ్గర జవాబు లేదు. ఆ కురిడీలు మా వాచ్‌మన్ ఇంట్లో పచ్చడయ్యాయని విన్నాను.

పై ఆఫీసు నుంచి చివరికి ఉత్తరం మారింది. కత్తిరించడం కాదు, తొలగించాలి. మళ్లీ వెళ్లాను. ఈసారి కూడా బొండాం ఇచ్చాడు.

ఒక మాట రాయాలి. నన్ను రోజూ నిలదీసేవాళ్లంతా విమానం ఎక్కేవాళ్లు. ఈ పెద్దాయన ఎప్పుడూ ఎక్కలేదు. రన్‌వే పొడిగింపులో ఈయన చేను పోయింది. వచ్చిన డబ్బు అన్నదమ్ములు పంచుకోగా మిగిలింది కూతురి పెళ్లికి సరిపోయింది. కొడుకు మా దగ్గరే కాంట్రాక్టు కింద ట్రాలీలు తోస్తాడు, వాళ్ల చేను ఉండిన వైపు నుంచే డ్యూటీకొస్తాడు. విమానం ఇంటి కప్పు మీదుగా దిగినప్పుడల్లా వాళ్లింట్లో గిన్నెలు అదురుతాయి, మాట్లాడేవాళ్లు ఆ కాస్సేపూ ఆగి మళ్లీ అందుకుంటారు. నేను మూడు నాలుగేళ్లలో బదిలీ మీద వెళ్లిపోయే మనిషిని. ఈ ఊరి మీద ఇన్ని జోకులు వేశాను కానీ, వెళ్లేటప్పుడు సన్మానం చేసి శాలువా కప్పేది నాకు. ఈయనకి ఎవరూ కప్పలేదు. ఆయన నన్ను టికెట్ అడగలేదు, ఉద్యోగం అడగలేదు. చెట్లు కొట్టేముందు కాయలు దింపుకోవడానికి వారం గడువడిగాడు. ఇచ్చాను. అది మాత్రం నా అధీనంలో ఉంది.

వారం తర్వాత కొట్టేశారు. నివేదిక పంపాను, ఈసారి ఫొటో బాగుందన్నారు.

చెట్లకి ఉద్యానశాఖవారు విలువ కట్టారు. పంచనామా అయింది. సంతకాలన్నీ ఉన్నాయి, నాదీ ఉంది, పెద్దాయన వేలిముద్రా ఉంది. నష్టపరిహారం ఇంకా రాలేదు. ఫైలు రెవెన్యూ ఆఫీసులో ఏదో బల్ల మీద, దాని మీద ఇంకో పది ఫైళ్లతో ఉంది. ఈ పత్రిక చదివే అలవాటున్న రెవెన్యూవారు ఎవరైనా ఉంటే దయచేసి దాన్ని కాస్త పైకి తియ్యండి. మూడు చెట్లు, నాటు రకం, కాపు మీదున్నవి.