ఏం నడకలర్రా మీవి!

మా మనవడు పొద్దున్నే పార్కులో నాలుగు చుట్లు తిరిగొచ్చి, చేతి వాచీ నా మొహం మీద పెట్టి "తాతా, పదివేల అడుగులు" అంటాడు. అడుగులు లెక్కెట్టుకోడానికి అవేమన్నా అప్పులట్రా నాయనా? నిజంగా నడిచినవాడికి ఆ లెక్క రాత్రి పడుకున్నాక కాళ్లే చెబుతాయి.

1978లో నేను మిలట్రీలో, జోధ్‌పూర్‌లో ఉండేవాణ్ణి. భాద్రపదం వచ్చిందంటే అక్కడి జనమంతా రామ్‌దేవ్రా దారి పట్టేవారు. హిందువులు రామ్‌దేవ్ బాబా అంటారు, ముసల్మానులు రామ్‌సా పీర్ అంటారు. ఇద్దరూ మొక్కే సమాధి ఒక్కటే. బాలేసర్, దేచూ, పోఖ్రాన్‌ల మీదుగా 180 కిలోమీటర్లు. ముగ్గురం సెలవు పెట్టి బయల్దేరాం. ఆ పక్క ఊరివాడే అయిన లారీ డ్రైవరొకడు, వాణ్ణి అందరం ఉస్తాద్ అనేవాళ్లం, ఓ మలయాళీ గుమాస్తా, నేను. మనిషికో దుప్పటి, ముగ్గురికీ కలిపి ఒక చాగల్. చాగల్ అంటే కాన్వాసు గుడ్డతో కుట్టిన నీళ్ల సంచి. గుడ్డ చెమర్చి గాలి తగిలేకొద్దీ లోపలి నీళ్లు కుండలో నీళ్లలా చల్లబడేవి. ఇప్పుడు మీరు వీపుకి సంచీ తగిలించుకుని గొట్టంతో చప్పరిస్తారే, దాన్ని మా కాలంలో పాలసీసా అనేవాళ్లు.

ఎడారంటే మీకు ఓ ఇసక తిన్నె, దాని మీద ఒంటె, ఒంటె మీద మీరు, చేతిలో ఫోను. ఆ దారిలో ఇసక కంటే గులకరాళ్లూ ముళ్లపొదలే ఎక్కువ. నీడకి ఒక్క జమ్మి. అవును, దసరాకి మనం పూజచేసే జమ్మే. వాళ్లు ఖేజ్‌డీ అంటారు, దాని కాయలతో సాంగ్రీ కూర వండుతారు. మనం ఏడాదికోసారి నాలుగాకులు తుంచుకుని దాన్ని మర్చిపోతాం. జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో 1730లో ఆ చెట్లు కొట్టనివ్వమని 363 మంది ప్రాణాలిచ్చారు. ఇప్పుడా పక్క ఎక్కడ చూడు సోలారు పలకలే. కరెంటు వద్దంటానా, నా ఫ్యానూ తిరగాలిగా! కానీ పలక కింద దూరి కునుకు తీసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు.

నీళ్ల సంగతి చెబుతున్నా కదూ. ఊళ్లలో టాంకాలుండేవి, వాననీళ్లు పట్టి దాచుకునే నేలతొట్లు. ఇంటిల్లిపాదీ నెలల తరబడి ఆ నీళ్లతోనే గడుపుకోవాలి, అందుకని తాళం. బాబా దగ్గరికి నడిచేవాడు గుమ్మంలో నిలబడితే మాత్రం ఇల్లాలు మాట్లాడకుండా తాళం తీసి చేద వేసేది. చుక్క కింద పడితే మాకే సిగ్గేసేది. ఇప్పుడు అడుగుకో పందిరి, పందిరికో డీజే, చేతికో ప్లాస్టిక్ సీసా. నడిచేవాణ్ణి ఆకలెయ్యనిస్తేగా! ఒక్కో పందిట్లో పూరీలు మాత్రం... సర్లే, ఏ ఒక్కటీ వదల్లేదు నేను.

ఇదంతా మొన్న భాద్రపదంలో చూసొచ్చిందే. ఉస్తాద్ ఫోన్ చేసి, "ఒరే మద్రాసీ, పోయేలోపు ఇంకోసారి నడుద్దామా" అన్నాడు. యాభై ఏళ్లుగా చెబుతున్నా మాది మద్రాసు కాదని. వినాయక చవితి పూటా ప్రయాణమేంటని మా ఆవిడ రుసరుసలాడుతూనే ఉండ్రాళ్లు డబ్బాలో పెట్టింది. మలయాళీకి మోకాలి ఆపరేషనయింది, నడవలేడు. అయినా దిగాడు. వాడు ఉస్తాద్ కొడుకు జీపులో ముందుగా పోయి, మేం చేరేసరికి బేసిన్లో వేణ్ణీళ్లు, ఉప్పు సిద్ధంగా ఉంచేవాడు. నా పాదాలకి పొక్కులొస్తే, కళ్లజోడు ముక్కు మీదికి జారుతుంటే, సూదితో గుచ్చి దారం లోపలే వదిలేసేవాడు. రాత్రిళ్లు ఉస్తాద్ చుట్టాలిళ్లలో నులకమంచం, నేతిలో మునిగిన సజ్జరొట్టె. మూడో రోజు నేనూ జీపెక్కాననుకో, ఓ పదిహేను కిలోమీటర్లు. నీళ్ల క్యాన్లు దొర్లిపోతున్నాయి, ఎవరో ఒకరు పట్టుకోవాలిగా.

దశమి నాడు గుడి ముందు నిలబడి ఉండగా మనవడు వీడియో కాల్ చేశాడు. ఛాతీ విరుచుకుని చెప్పాను: "ఇప్పుడు జీపూ గీపూనూ. 1978లో అయితే 180 కిలోమీటర్లూ ఈ కాళ్ల మీదేరా!"

ఉస్తాద్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. 1978 అన్నది పట్టేసుకున్నాడు. ఫోను లాక్కుని, దేచూ దగ్గర ఉప్పు కోసం పోఖ్రాన్ పోతున్న ఖాళీ లారీ ఆపిందెవరో, బస్తాల మీద పడి గురక పెట్టిందెవరో పూసగుచ్చినట్టు హిందీలో చెప్పేశాడు. మలయాళీ వెనకనుంచి వంత. అటు పక్క వీడు పగలబడి నవ్వుతున్నాడు.

ఈ కాలం బళ్లలో పిల్లలకి హిందీ ఎందుకు నేర్పుతారో నాకర్థం కాదు. మా రోజుల్లో ఇన్ని భాషలెక్కడివీ?