దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే అలారం కొనడం ఎలా?

పక్క వీధిలో దొంగలు పడ్డారన్న కబురు తెలిసిన రోజునే ఇంటికి అలారం కొనెయ్యాలి. నాలుగు రోజులు ఆగితే భయం తగ్గుతుంది. భయం తగ్గితే బుర్ర పనిచేస్తుంది, బుర్ర పనిచేస్తే మనిషి ప్రశ్నలు అడుగుతాడు. కూకట్‌పల్లి అయినా గుంటూరు అయినా ఈ వ్యాపారంలో ఇంత తొందరగా బేరం చెడగొట్టేది ఇంకోటి లేదు. అందులోనూ ఒక ప్రశ్న ఉంది, పొరపాటున కూడా దాన్ని నోట రానివ్వకండి: "ఇది మోగితే ఎవరొస్తారు?"

ఆ ప్రశ్న అడిగితే ఏమవుతుందో చూడండి. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఉండేది. వేళాపాళా లేని డ్యూటీలు, ఒంటరిగా గడపాల్సిన రాత్రులు, పిలిస్తే పోలీసులు ఎప్పటికి వస్తారో తెలియని పేట. ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు అని ఆలోచించీ ఆలోచించీ చివరికి తనే ఒక యంత్రాన్ని తయారు చేసుకోవాల్సి వచ్చింది. తలుపుకు నాలుగు కన్నాలు, వాటి వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా, పడగ్గదిలో టీవీ, వచ్చినవాడితో మాట్లాడే మైకు, మంచం మీంచే తలుపు తీసే మీట, ఆపదైతే కబురు పంపే బొత్తాం. 1966లో భర్తతో కలిసి పేటెంటుకు దరఖాస్తు పెడితే 1969లో వచ్చింది. ఈనాటి ఇంటి కెమెరాలన్నిటికీ ముత్తవ్వ అదే. అంత శ్రమ మనకెందుకు? అరవై ఏళ్లలో ఆ కెమెరాను అరచేతిలోకి తెచ్చుకున్నాం. బొత్తాం అవతల ఉండాల్సిన మనిషి సంగతి మాత్రం హాయిగా మర్చిపోయాం.

ముందు సైరన్. దీన్ని చెవులతో ఎంచుకోవాలి. షాపులో మోగించి చూపించమనండి, పక్క షాపువాడు బయటికొచ్చి తిట్టాడంటే సరుకు మంచిదే. నివాస ప్రాంతాల్లో రాత్రి పది దాటాక శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి కేంద్ర నిబంధనలు చెబుతాయి. దొంగలు నిబంధనలు పాటిస్తున్నారా ఏమిటి, మనం పాటించడానికి! మొదటిసారి మోగినప్పుడు వీధంతా లేస్తుంది. రెండోసారి ఎదురింటి పిన్నిగారు ఒక్కరే లేస్తారు. మూడోసారి ఆవిడ కూడా అటు తిరిగి పడుకుంటారు. అప్పటికి మీ సైరన్ పేటలో కలిసిపోయినట్టే. ఇక ఎన్నిసార్లు మోగినా ఎవరికీ ఇబ్బంది ఉండదు, దొంగతో సహా.

మూడోసారి దాకా త్వరగా చేరుకోవాలంటే సెన్సర్ పెట్టే చోటు ముఖ్యం. ఆ చిన్న తెల్ల డబ్బా మనిషి ఒంటి వేడి కదలడాన్ని పసిగడుతుంది. కాబట్టి దాన్ని ఎండ పడే కిటికీకి ఎదురుగా, ఊగే కర్టెన్ దగ్గర బిగించమనండి. బల్లి దాని మీదికి పాకినా మోగుతుంది, పిల్లి దూకినా మోగుతుంది. కోతులు తిరిగే ఊరైతే మీ అదృష్టం. ఇంకో కిటుకు: మనిషి దాని ముందు అడ్డంగా నడిస్తే వెంటనే పట్టుకుంటుంది, నేరుగా దాని మీదికే నడిచొస్తే కాస్త ఆలస్యం చేస్తుంది. దొంగ వచ్చే దారికి సూటిగా ఎదురుగా పెట్టించండి, ఆయనకూ నాలుగడుగుల వెసులుబాటు ఉంటుంది. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసులు ఈ ఉత్తుత్తి మోతలతో విసిగి, ఎవరైనా వెళ్లి చూసి నిజమేనని చెబితేనే బయల్దేరతామని 2000 చివర్లో నిబంధన పెట్టుకున్నారు. మనకు ఆ బెంగ అక్కర్లేదు. మామూలు ఇంటి సైరన్‌కూ పోలీసు స్టేషన్‌కూ ఇక్కడ చుట్టరికమే లేదు.

కెమెరాలు ఎత్తుగా పెట్టించండి. ఎంత ఎత్తుగా అంటే దొంగ నడినెత్తి తప్ప ఇంకేమీ కనపడనంత. మంకీ క్యాప్ రంగు పోలీసులకు స్పష్టంగా తెలుస్తుంది కదా, చాలు. ఒక కెమెరాను ఎదురింటి వరండా వైపు తిప్పితే పిన్నిగారితో మాటలు కూడా ఆగిపోతాయి. మీరు ఊళ్లో లేనప్పుడు మీ గేటు వైపు చూసే ఆ ఒక్క మనిషీ తగ్గుతుంది. డబ్బులు మరీ తక్కువైతే బొమ్మ కెమెరాలు దొరుకుతాయి. ఎర్రలైటు మిణుకుమిణుకుమంటుంది. అసలు కెమెరాలు అలా మిణుకుమనవన్న సంగతి మీకు తెలియకపోయినా, వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు.

రికార్డయ్యే డబ్బా, అదే డీవీఆర్, హాల్లో టీవీ కింద అందరికీ కనపడేలా ఉంచాలి. దొంగలు పోతూపోతూ దాన్ని కూడా పట్టుకుపోతున్నారని పేపర్లో చదువుతూనే ఉంటాం. వెతుక్కోవడంలో వాళ్లు బీరువాలన్నీ చిందరవందర చెయ్యకుండా ఉండాలంటే ఇదే మార్గం. ఒకవేళ వదిలేసి పోయినా ఫర్వాలేదు. హార్డ్ డిస్క్ పోయి ఆరు నెలలై ఉంటుంది. ముందు లైటు వెలుగుతోంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. నెలకోసారి నిన్నటి రికార్డింగు వెనక్కి తిప్పి చూడమని కొందరు చాదస్తులు చెబుతారు, వినకండి. లోపల గడియారం బ్యాటరీ అయిపోయి తేదీ 2000 జనవరి 1 దగ్గరే ఆగి ఉంటే ఇంకా మేలు. కోర్టుకు ఇచ్చే ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచెయ్యాలి. మీ దొంగతనం ఏ సంవత్సరంలో జరిగిందో ఆ పత్రంలో వివరించే వకీలుగారికి నాలుగు డబ్బులొస్తాయి.

పాస్‌వర్డ్ మార్చకండి. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఏం పెట్టాడో అదే ఉంచండి, మరిచిపోకుండా డబ్బా మీద మార్కర్‌తో రాయించండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి కెమెరాలూ డీవీఆర్‌లూ వెతుక్కుంటూ ప్రపంచమంతా తిరిగింది. దాని దగ్గర ఉన్న ఆయుధమల్లా ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌ల జతలు అరవై చిల్లర. వాటితోనే లక్షల పరికరాలు లొంగిపోయాయి. ఆ పరికరాలు చేసిన దాడితో ఆ అక్టోబరులో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ అమెరికాలో గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు. మీ గేటు మీద కెమెరాకు ఇంతకన్నా పెద్ద పేరు ఇంకెలా వస్తుంది? 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు. అందుకే పాత స్టాకు ఎక్కడ చవగ్గా వదిలించుకుంటున్నారో వాకబు చెయ్యండి.

కరెంటు సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఇన్వర్టర్‌కు ఫ్యాన్లూ లైట్లూ కలపండి, రూటర్‌ను కలపకండి. మెయిన్ ఆపితే ఇంట్లో నెట్ పోతుంది, నెట్ పోతే కెమెరాలకు నోరు పోతుంది. మీటరు బోర్డు గేటు పక్కనే ఉంది కాబట్టి దొంగకు నిచ్చెన కూడా అక్కర్లేదు. సిమ్ వేసుకుని, బ్యాటరీ మీద నడుస్తూ, నెట్ పోయినా తనంతట తనే ఫోన్ చేసే ప్యానెల్ ఒకటి దొరుకుతుంది. అది కొంటే సిమ్‌కు రీచార్జి చేయించడం మానేస్తే సరిపోతుంది.

ఇక మానిటరింగ్ సర్వీసు. సైరన్ మోగినా, తలుపు తెరుచుకున్నా వాళ్ల కంట్రోల్ రూమ్‌కు కబురు వెళ్తుంది, అక్కడ రాత్రంతా మేలుకుని ఉండేవాళ్లు చూసుకుంటారని చెబుతారు. చూసుకోవడమంటే ఏం చేస్తారో అడక్కండి. ఒప్పందం ఇరవై పేజీలుంటే మొదటి పేజీలో తాళంకప్ప బొమ్మ చూసి చివరి పేజీలో సంతకం పెట్టండి. మధ్యలో ఎక్కడో వాళ్లు "సమాచారం అందిస్తారు" అని రాసి ఉంటుంది, మనిషిని పంపిస్తారని రాసి ఉండదు. పంపేవాళ్లూ ఉన్నారు. మీ పేటకు వాళ్ల మనిషి ఎక్కడి నుంచి బయల్దేరతాడు, బండి ఉందా, వచ్చాక గేటు బయటే నిలబడతాడా, లోపలికొస్తాడా, తాళం ఎవరి దగ్గరుంటుంది, ఇవన్నీ అడిగితే సేల్స్ అబ్బాయి మొహం చిన్నబోతుంది. ఎండన పడి వచ్చిన పిల్లాడు, కాఫీ ఇచ్చి పంపండి. పరికరం మూగబోతే ఆ సంగతి కంట్రోల్ రూమ్‌కు ఎన్ని నిమిషాల్లో తెలుస్తుందని మాత్రం అస్సలు అడక్కండి. మోగిన అలారం గురించి అందరూ చెబుతారు, మోగడం మానేసిన అలారం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

ఒక చోట మాత్రం వాళ్లే మిమ్మల్ని అడుగుతారు: అలారం వస్తే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి? మీ ఇంటి ల్యాండ్‌లైన్ నంబరే ఇవ్వండి. తాళం వేసిన ఇంట్లో అది మోగుతుంది, దొంగ ఎత్తి "ఏం లేదండీ, పిల్లి" అంటే కంట్రోల్ రూమ్‌వాళ్లు నిశ్చింతగా పడుకుంటారు. ఎత్తినవాళ్లు చెప్పాల్సిన రహస్య మాట ఒకటి పెట్టుకోమంటారు, దానికి మీ ఇంటిపేరు పెట్టండి, గేటు మీద ఎలాగూ రాసే ఉంది. మెడ మీద కత్తి పెట్టి అలారం ఆపమంటే నొక్కడానికి వేరే కోడ్ కూడా ఉంటుంది. అది కొడితే సైరన్ ఆగిపోతుంది, లోలోపల ఆపద కబురు మాత్రం వెళ్తుంది. మొత్తం యంత్రంలో తెలివైన ఏర్పాటు ఇదొక్కటే అని నా అభిప్రాయం. అందుకే బిగించేవాడు దీని గురించి చెప్పబోతే ఇంట్లో అమ్మమ్మకూ పిల్లలకూ వినపడకుండా టీవీ సౌండు పెంచండి.

రెండో నంబరు ఎవరిదో అందరికీ తెలిసిందే, డాలస్‌లో ఉన్న అబ్బాయిది. ఇది నిజంగా గొప్ప ఏర్పాటు. ఇక్కడ అర్ధరాత్రి రెండైతే అక్కడ ముందు రోజు మధ్యాహ్నం రెండున్నరో మూడున్నరో, కాలాన్ని బట్టి. కాలనీ మొత్తం పడుకున్న వేళ మెలకువగా ఉన్న ఏకైక కాపలాదారు పద్నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో మీటింగులో ఉంటాడు. తన బీరువా తలుపు తెరుచుకోవడం హెచ్‌డీలో చూస్తాడు. అక్కడి నుంచి 112 నొక్కితే హైదరాబాద్ పోలీసులు ఎత్తరు. మీ స్టేషన్ నంబరును ముందే +91తో సేవ్ చేసుకోమని అతనికి చెప్పకండి, పిల్లవాడు బెంగ పెట్టుకుంటాడు. ఎదురింటి పిన్నిగారి నంబరు కూడా వద్దు, వాట్సాప్‌లో ఉదయం గుడ్‌మార్నింగ్‌లు పంపుతారు. అతను నాన్నకు చేస్తాడు, నాన్న ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. అమ్మకు చేస్తాడు, అమ్మ ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటుంది. అప్పుడు స్క్రీన్ రికార్డ్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు, బాబాయిలంతా తెల్లారాక చూస్తారు.

దొంగ రాని మిగతా రోజుల్లో ఆ కెమెరా ఊరికే పోదు. నాన్న మాత్ర వేసుకున్నాడా, అమ్మ మధ్యాహ్నం కునుకు ఎంతసేపు తీసింది, పనమ్మాయి ఎన్నింటికి వచ్చింది, అన్నీ అటునుంచి నడుస్తాయి. కలిసి ఉండేవాళ్ల ఒప్పుదల లేకుండా ఇంటి లోపల కెమెరాలు నడపకూడదని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది, సుప్రీంకోర్టు ఆ తీర్పులో వేలు పెట్టలేదు. అది అన్నదమ్ముల తగాదా. అమ్మానాన్నల్ని ఒప్పుదల అడిగే ఆనవాయితీ మనకెక్కడిది?

సంక్రాంతికో తిరుమలకో బయల్దేరేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. స్టేషన్‌లో చెప్పి వెళ్లండని పోలీసులు ప్రతి పండక్కీ మొత్తుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ అని పెట్టారు, యాప్‌లో నమోదు చేసుకుంటే పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, మనిషి కదిలితే కబురు వాళ్ల కంట్రోల్ రూమ్‌కే వెళ్తుంది. పైగా ఉచితం. ఉచితంగా వచ్చేదానికి విలువేముంది? మీ స్టేషన్‌లో అది ఇప్పుడు నడుస్తోందో లేదో కనుక్కోవడానికి కూడా వెళ్లకండి. వీధి గుమ్మానికి మీ దగ్గరున్న వాటిలో పెద్ద తాళంకప్ప వేసి, కర్టెన్ అడ్డు రాకుండా రోడ్డు మీదికి కనపడేలా చూసుకోండి. పాలవాడికీ పేపరు అబ్బాయికీ రావద్దని చెప్పకండి. వాకిట్లో మూడు రోజులుగా ముగ్గు లేదు, గేటు దగ్గర నాలుగు పేపర్లున్నాయి అంటే చదువు రానివాడు కూడా చదవగలిగిన ప్రకటన. చదువుకున్న దొంగల కోసం రైలెక్కగానే ఫొటో స్టేటస్‌లో పెట్టండి.

తాళంచెవి పూలకుండీ కిందే ఉంచండి. ఇందులో ఒక ఆర్థిక కోణం కూడా ఉంది. దొంగతనాలకు ఇచ్చే చాలా బీమా పాలసీలు బలవంతంగా చొరబడిన ఆనవాళ్లు అడుగుతాయి. విరిగిన గడియ, పగిలిన అద్దం, అలాంటివి. చెవితో తలుపు తీసి మళ్లీ వేసి పోయిన పెద్దమనిషి ఏ ఆనవాలూ వదలడు. క్లెయిమ్ తిరగ్గొట్టేటప్పుడు బీమా కంపెనీకి కూడా పని తేలికవుతుంది. అయినా సర్వేయరు వస్తాడు, నగల బిల్లులు చూపించమంటాడు. తులాలతో సహా అన్నీ ఉన్నాయని ధైర్యంగా చెప్పండి. ఒక్కటి కూడా పోకుండా ఆ నగల డబ్బాలోనే మడిచి పెట్టారు కదా.