సెల్యూట్‌కు బడ్జెట్ అక్కర్లేదు

ఏడాదికోసారి మా భిలాయ్ క్యాంప్ 2 గల్లీల్లోకి ఒక కరపత్రం వస్తుంది. కరపత్రం అంటే మన ప్రజాప్రతినిధిగారు చిన్నబుచ్చుకుంటారు. 'ప్రగతి నివేదిక' అనాలి. నాలుగు రంగుల ఆర్ట్ పేపరు. పై సగం ప్రధానమంత్రిగారిది, కింది సగం సభ్యులవారిది. మధ్యలో జాగా మిగిలితే జిల్లా అధ్యక్షుడు, మండల అధ్యక్షుడు, ఇద్దరు పార్షద్‌లు సర్దుకుని నిలబడతారు. లోపల మూడు శీర్షికలు: సైనికుల సన్మానం, మాజీ సైనికుల సంక్షేమం, శ్రామికుల సురక్ష. నేను ఫలానా సభ్యుడి మీద పడి ఏడుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. దేశమంతా అచ్చు ఒక్కటే, నియోజకవర్గాన్ని బట్టి ఫోటో మారుతుంది.

ఈసారి ముఖచిత్రం మీద మంచుకొండ ముందు సెల్యూట్ చేస్తున్న జవాను, అతని పక్కన పసుపు హెల్మెట్‌తో నవ్వుతున్న కార్మికుడు. ఆ కార్మికుడి చేతి తొడుగులు తెల్లగా, ఇస్త్రీ మడతతో ఉన్నాయి. కోక్ ఓవెన్ దగ్గర ఒక్క షిఫ్టు చేసినవాడి తొడుగులు చూసిన ఏ ఇల్లాలైనా చెప్పేస్తుంది, వీడు మన ప్లాంటు మనిషి కాడని. మసి సంగతి పోనివ్వండి, హెల్మెట్‌కి గడ్డం కింద పట్టీ కూడా లేదు. 'శ్రామికుల సురక్ష' అని రాసింది సరిగ్గా ఆ హెల్మెట్ కిందనే.

ముందు మాజీ సైనికుల పేజీ చూద్దాం. 'ఒకే ర్యాంకు ఒకే పెన్షన్: అన్నాం, చేశాం' అని రాశారు. అన్నది నిజమే, 2013 సెప్టెంబరులో రేవాడీలో మాజీ సైనికుల సభలో ఆ మాట ఎత్తారు. చేసిందీ నిజమే, 2015 సెప్టెంబరు 5న రక్షణ మంత్రి మనోహర్ పారికర్ ప్రకటించారు. ఆ రెంటి మధ్యా ఇంకో తేదీ ఉంది. ఆర్ట్ పేపరు ఖరీదు కాబట్టి చోటు చాల్లేదు కాబోలు, నేను చెబుతాను: 2015 ఆగస్టు 14. జంతర్ మంతర్ దగ్గర రెండు నెలలుగా కూర్చున్న మాజీ సైనికుల్ని, స్వాతంత్ర్య దినోత్సవ భద్రత పేరు చెప్పి, ఢిల్లీ పోలీసులు చొక్కాలు చిరిగేలా లాగి అవతల పడేసిన రోజు. మర్నాడు ఎర్రకోట మీంచి వీర జవాన్లకు వందనం చెయ్యాలి. దానికి ముందురోజు ఇల్లు ఊడ్చుకున్నారన్నమాట.

పెన్షన్‌ని ఏటా సమం చెయ్యమని వాళ్ళడిగారు. ఐదేళ్ళకోసారి చేస్తామని సర్కారు తేల్చింది. మరి సర్కారుకి తెలిసిన కాలమానం ఐదేళ్ళే కదా. 2019 జులై నుంచి రావలసిన సవరణ 2022 డిసెంబరుకి బయటికొచ్చింది, బకాయిలేమో కిస్తీల్లో. వయసు మీద పడ్డవాళ్ళకి కిస్తీలేమిటని సుప్రీంకోర్టు అడిగితే, 2023 మార్చిలో సీల్డ్ కవరులో జవాబివ్వబోయారు. ఆ కవరు మాకొద్దని కోర్టు తిప్పికొట్టింది. తన పెన్షన్ ఎప్పుడొస్తుందన్నది కూడా దేశ రహస్యమేనని ఆ ముసలి సుబేదారుకి అప్పుడు తెలిసి ఉంటుంది.

కాంగ్రెసు మిత్రులు ముసిముసి నవ్వులు ఆపాలి. 1973లో పాత పద్ధతికి నీళ్ళొదిలింది వాళ్ళ ఏలుబడిలోనే. నలభై ఏళ్ళు గుర్తురానిది 2014 ఎన్నికల ముందు బడ్జెట్లో హఠాత్తుగా గుర్తొచ్చి 500 కోట్లు రాశారు.

ఇక సర్వీసులో ఉన్న జవాను. 2022 జూన్ 14న అగ్నిపథ్ వచ్చింది. పదిహేడున్నరేళ్ళకి తీసుకుంటారు, నాలుగేళ్ళు ఉంచుకుంటారు, నూటికి పాతిక మందిని అట్టేపెట్టుకుని తక్కినవాళ్ళని ఇంటికి పంపేస్తారు. మొదటి ఏడాది నెల జీతం 30 వేలు. అందులో 9 వేలు కోసి దాస్తారు, సర్కారు అంతే కలుపుతుంది, నాలుగేళ్ళ చివర వడ్డీతో సుమారు 11.71 లక్షలు చేతిలో పెడతారు. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. ఈ మూడో లేమిలోనే పథకం గొప్పతనమంతా ఉంది. మాజీ సైనికుల సమస్యలు తీర్చడానికి ఇంతకు ముందు ప్రభుత్వాలకి కోర్టులు, కమిటీలు, కిస్తీలు కావాల్సి వచ్చేవి. ఇప్పుడు ఆ తంటా లేదు, మాజీ సైనికుడే ఉండడు. రోగిని జాబితాలోంచి కొట్టేస్తే వార్డు ఆరోగ్యంగా కనిపిస్తుంది.

శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు మురళీ నాయక్ అగ్నివీరుడే. 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చాడు. ఉప ముఖ్యమంత్రి, మంత్రులు తండాకి వెళ్ళారు. రాష్ట్రం 50 లక్షలు, ఐదెకరాల భూమి, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది. కేంద్రం బీమా, పరిహారం కలిపితే చేతికొచ్చేది చిన్న మొత్తమేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అదే గుండుకి అదే బంకరులో పక్కనున్న రెగ్యులర్ జవాను పోయుంటే అతని ఇంటికి నెలనెలా వచ్చే కుటుంబ పెన్షన్ ఈ ఇంటికి రాదు. ఇద్దరికీ ఒకే జెండా కప్పుతారు. ఆ జెండా కింద ఎవరిది పర్మినెంటో ఎవరిది టెంపరరీయో ఖజానా గుమాస్తాకి మాత్రం ఠక్కున తెలిసిపోతుంది. అగ్నివీరుల కుటుంబాలకీ అవే సదుపాయాలివ్వండని రక్షణ శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘమే 2024లో సిఫారసు చేసింది. నివేదిక మీద నివేదిక వేసుకునే సభ్యులవారు ఆ నివేదిక చదివారో లేదో.

మూడో పేజీ మాది. మాది అన్నాను కాబట్టి కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరిలో రష్యావాళ్ళతో ఒప్పందం జరిగింది, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు. ఆ రెంటి మధ్యా మట్టి తవ్వినవాళ్ళకీ కాంక్రీటు మోసినవాళ్ళకీ వేసిన మకాములే ఈ క్యాంపులు. ఉత్తరాంధ్ర నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలెక్కి వచ్చినవాళ్ళు ఇక్కడ దిగి, పొయ్యి రాజేసుకుని, మళ్ళీ లేవలేదు. పేరు చూస్తే మకాం, తరాలు చూస్తే మూడోది. దేశంలో మీరెక్కే రైలు పట్టాల్లో చాలావరకు ఇక్కడివే. విక్రాంత్ విమానవాహక నౌకకి పోసిన ప్రత్యేకమైన ఉక్కులో భిలాయ్ ప్లేట్లున్నాయి. సైనికుడికీ కార్మికుడికీ చుట్టరికం కలపడానికి ఫోటో షాపు అక్కర్లేదని చెప్పడానికే ఇదంతా.

2018 జూన్ 14న ప్రధానమంత్రిగారు వచ్చి ఆధునికీకరించిన ప్లాంటుని జాతికి అంకితం చేశారు. ఆ బొమ్మ నివేదికలో రెండు కాలమ్‌ల వెడల్పున ఉంది. నాలుగు నెలలు నిండకుండానే, అక్టోబరు 9న, కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను మరమ్మతు చేస్తుండగా మంటలు లేచి పదిమందికి పైగా కాలిపోయారు. ఆ బొమ్మ లేదు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2014 జూన్ 12న, పంప్‌హౌస్‌లో నీళ్ళ ఒత్తిడి పడిపోయి విషవాయువు ఎదురుతన్ని ఆరుగురు పోయారు. పోయినవాళ్ళలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. గ్యాసుకి హోదా భేదం లేదు, పాపం, ఆ ఒక్క విషయంలో మన చట్టాలకంటే నయం.

చట్టాలంటే గుర్తొచ్చింది. 29 కార్మిక చట్టాల్ని నలిపి నాలుగు కోడ్‌లు చేశారు. వాటిలో మూడు 2020 సెప్టెంబరులో, ప్రతిపక్షం సభలో లేని వేళ, పార్లమెంటు దాటాయి. 2025 నవంబరు 21 నుంచి నాలుగూ అమల్లోకొచ్చాయి. 'చారిత్రకం' అని నివేదిక రాసింది. చరిత్రలో కార్మికులతో మాట్లాడే ఆచారం కూడా ఒకటుండేది, భారత కార్మిక సదస్సు అని. 46వది 2015 జులైలో జరిగింది. 47వదాని కోసం కుర్చీలు ఇంకా తుడుస్తున్నారు.

కోడ్‌ల లోపల ఏముంది? ఇదివరకు వంద మంది పనిచేసే ఫ్యాక్టరీ మూయాలన్నా, మనుషుల్ని తీసెయ్యాలన్నా సర్కారు అనుమతి కావాలి. ఇప్పుడు మూడు వందల మంది ఉంటేనే. ఠేకా (కాంట్రాక్టు) కార్మికుల చట్టం ఇరవై మందికి వర్తించేది, ఇప్పుడు యాభై ఉండాలి. మా ఠేకేదార్లు పెద్ద చదువులు చదువుకోకపోవచ్చు గానీ నలభై తొమ్మిది దాకా లెక్కపెట్టడం వాళ్ళకెవరూ నేర్పక్కర్లేదు. యాభయ్యోవాడు వేరే హాజరు పట్టీలో, బావమరిది పేరు మీదున్న వేరే సంస్థలో పుడతాడు.

జీతం బ్యాంకులో పడాలని రూలు. పడుతుంది. పడ్డాక కొంత వెనక్కి ఠేకేదారు చేతికి పోతుందన్నది ఇక్కడి యూనియన్లు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్న సంగతి. 'డిజిటల్ చెల్లింపులు' అని నివేదికలో ఒక బుల్లెట్ ఉంది. వెళ్ళేది డిజిటల్, తిరిగొచ్చేది నగదు. రెండు దారులూ తెరిచే ఉంచారు.

'ప్రతి కార్మికుడికీ నియామక పత్రం' అన్నది వాళ్ళు పెద్ద అక్షరాల్లో వేసిన వరం. పవర్‌హౌస్ రైల్వే స్టేషన్‌కి వెళ్ళి ఈ మాట చదవాలి. 1991 సెప్టెంబరు 28న కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని నిద్రలో కాల్చి చంపారు. ఆయన యూనియన్ అడిగిందేమిటి? పర్మినెంటు ఉద్యోగం, బతకడానికి చాలే జీతం, తీసేసినవాళ్ళకి మళ్ళీ పని. అవే అడుగుతూ 1992 జులై 1న పవర్‌హౌస్ దగ్గర పట్టాల మీద కూర్చున్నవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపితే 16 మంది కార్మికులు చచ్చిపోయారు. భోపాల్లో అప్పుడున్నది సుందర్‌లాల్ పట్వా ప్రభుత్వం, నివేదిక వేసినవారి పార్టీయే. దాదాపు ముప్ఫయ్యేళ్ళకి, 2022 జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్‌లో ఇంకో కాల్పులు. దేహదారుఢ్య పరీక్షలు పాసై, రాతపరీక్ష కోసం కళ్ళు కాయలు కాచేలా చూసి, చివరికి అగ్నిపథ్ అని తెలిసిన కుర్రాళ్ళు రైళ్ళు తగలబెట్టారు. తగలబెట్టడాన్ని నేను సమర్థించను. వరంగల్ జిల్లా పిల్లాడొకడు తూటాకి పోయాడు. ఇక్కడ ప్లాంటు పక్క కార్మికుడు, అక్కడ ఫౌజు ఆశపడ్డవాడు. ఇద్దరూ అడిగింది పర్మినెంటు కొలువు. ఇద్దరికీ జవాబు రైల్వే స్టేషన్‌లోనే దొరికింది.

మా సంతోషీ పారాలో టీ తాగుతూ ఒకాయన ఆ కరపత్రం తిరగేసి అన్నాడు: "పెద్దోడు ఠేకా పనికెల్తన్నాడు. గేట్ పాస్ మీద తేదీ వుంటాది బావూ, ఠేకా అయిపోతే పాస్ అయిపోద్ది. సిన్నోడు ఫౌజుకెల్లినాడు, ఆడికీ నాలుగేళ్ళే. పిల్లనిస్తామనొచ్చినోలు అడిగినారు, ఇద్దర్లో పర్మినెంటు ఎవులని. ఏటి సెప్పాల?" ఎవరూ ఏమీ చెప్పలేదు. పక్కాయన, కాస్త చట్టం తెలిసినవాడు, లెక్క విప్పాడు. కొత్త కోడ్ ప్రకారం నిర్ణీత కాలానికి నేరుగా తీసుకున్న కార్మికుడికి ఏడాది చేస్తే గ్రాట్యుటీ వస్తుంది. అగ్నివీరుడికి నాలుగేళ్ళు చేసినా రాదు. అంటే కార్మికుణ్ణి సైనికుడి స్థాయికి గౌరవిస్తామన్నవాళ్ళు, సైనికుణ్ణి కార్మికుడికంటే ఒక మెట్టు కిందికి దింపారు. సమానత్వం ఎటువైపు నుంచొచ్చినా సమానత్వమే అనుకోవాలి.

అయితే నిర్ణీత కాలపు కొలువుల్లో బాగా నడుస్తున్న నమూనా ఒకటి దేశంలో ఉంది. ఐదేళ్ళ కాంట్రాక్టు. దేహదారుఢ్య పరీక్ష లేదు, రాతపరీక్ష లేదు, వయసుకి పై హద్దు లేదు. గడువు మధ్యలోనే పడిపోయినా జీవితాంతం పెన్షన్. 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి నెలకి 31 వేలు, ఐదేళ్ళు దాటిన ప్రతి ఏడాదికీ ఇంకో 2,500. మాజీ పార్లమెంటు సభ్యుడన్న హోదా ఉంటుంది, రైలు పాసూ ఉంటుంది. అగ్నివీరులకి లేని పెన్షన్ మాకెందుకు, నాది వదులుకుంటానని 2022 జూన్‌లోనే అన్న భాజపా సభ్యుడొకరున్నారు, వరుణ్ గాంధీ. 2024లో పార్టీ ఆయనకి టికెట్ ఇవ్వలేదు. కారణాలు వేరే ఉండొచ్చు. పాతిక శాతాన్నే అట్టేపెట్టుకునే నిబంధన మాత్రం ఆయన విషయంలో చక్కగా పనిచేసింది.

మొదటి బ్యాచ్ అగ్నివీరులు 2022 చివర్లో, 2023 మొదట్లో శిక్షణకి వెళ్ళారు, 2027 వచ్చేసరికి నాలుగేళ్ళు నిండుతాయి. నూటికి డెబ్భై ఐదుగురు ఇళ్ళకొస్తారు. పోలీసు, అటవీ, జైలు గార్డుల ఉద్యోగాల్లో కోటా ఇస్తామని ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ 2024 కార్గిల్ దివస్ నాడు చెప్పారు. అందరికీ సరిపోవు గనక మిగిలినవాళ్ళకి దారి 2022లోనే ఇండోర్‌లో చూపించారు భాజపా నేత కైలాశ్ విజయవర్గీయ: పార్టీ ఆఫీసుకి కాపలా పెట్టుకోవాల్సొస్తే అగ్నివీరుడికే ప్రాధాన్యమిస్తానన్నారు. తర్వాత తన మాట వక్రీకరించారన్నారు గానీ, కాపలా పోస్టు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ పోస్టుకి గ్రాట్యుటీ ఉందా, గేట్ పాస్ గడువెంత, ఠేకేదారు ఎవరు అన్నది వచ్చే ఏడాది నివేదికలో వేస్తే చదువుకుంటాం.