మూడోవాడికి మంచి రోజులు

ప్రభుత్వాలకు ఉన్నట్టుండి పిల్లల మీద ప్రేమ పొంగుకొచ్చింది. గోడల మీద ఎర్ర త్రికోణం గీయించి, ఇద్దరు చాలని మైకులో ఊదరగొట్టిన వాళ్లే ఇప్పుడు మూడో ఉయ్యాలకు తాళ్లు పేనుతున్నారు.

మన ఊళ్లలో మూడో బిడ్డది విచిత్రమైన జాతకం. 1994 పంచాయతీరాజ్ చట్టం పుణ్యమా అని ఇద్దర్ని మించి కన్నవాళ్లు సర్పంచి పదవికే కాదు, వార్డు మెంబరుకు కూడా పనికిరాకుండా పోయారు. నామినేషన్లు దగ్గరపడితే చాలు, మూడోవాడు రాత్రికి రాత్రి మేనత్త కొడుకైపోయేవాడు. ఇంట్లో పాకుతున్నవాడు ఏ కాగితంలోనూ ఉండడు. వాడి జనన ధ్రువపత్రం మాత్రం ప్రత్యర్థి బీరువాలో, బంగారం పక్కన ఉండేది.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. అంతకు నెల ముందే, ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలున్నవాళ్లే పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందన్నారు ముఖ్యమంత్రి చంద్రబాబు. అదే జరిగితే మేనత్త పిల్లల్ని కూడా అరువు తెచ్చుకోవాలి. మరుసటి మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు ఇంకో అడుగు ముందుకేశారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయలట, మగపిల్లాడు పుడితే ఆవట! పాలకు ఢోకా లేదు సరే, ఎల్‌కేజీ ఫీజు పిడకల రూపంలో తీసుకునే స్కూలేదో కూడా చెప్పుంటే బాగుండేది.

ఈ పైత్యం మనొక్కరిదే కాదు. 1980లో ‘ఒక్కరే’ అన్న చైనా 2016లో ఇద్దరన్నది, 2021లో ముగ్గురన్నది. జనం ఉలకలేదు, పలకలేదు. దాంతో 2026 జనవరి నుంచి కండోముల మీద 13 శాతం పన్ను వేసింది. పన్ను పెంచినప్పుడల్లా మనవాళ్లు మందు మానేసిన చరిత్ర ఉంది కదా, అక్కడా అంతే జరుగుతుంది!

దక్షిణ కొరియాలో 2023లో సంతాన రేటు 0.72కు పడిపోయింది. అదే ఏడాది అక్కడి జీమార్కెట్ అనే ఆన్‌లైన్ అంగడిలో పసిపిల్లల బండ్లకంటే కుక్కల బండ్లు ఎక్కువ అమ్ముడుపోయాయి. నన్నడిగితే అది తెలివైన బేరమే. కుక్కకు కోచింగ్ అక్కర్లేదు, ఎదురింటి కుక్కకు ఎంత ర్యాంకొచ్చిందని ఎవరూ అడగరు.

టోక్యో నగర ప్రభుత్వమైతే ఏకంగా పెళ్లిళ్ల పేరయ్య అవతారం ఎత్తింది. 2024లో డేటింగ్ యాప్ పెట్టింది. అందులో చేరాలంటే పెళ్లి కాలేదని ధ్రువపత్రం ఇవ్వాలి, ఆదాయానికి రుజువు చూపాలి, పెళ్లి ఉద్దేశంతోనే వచ్చానని సంతకం పెట్టాలి. జీతం స్లిప్పు చూడందే పిల్లనివ్వని మన మామగార్లను ఇన్నాళ్లూ ఊరికే ఆడిపోసుకున్నాం.

మళ్లీ మన దగ్గరికొద్దాం. ఆంధ్రలో సంతాన రేటు 1.7 అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మూడోది వద్దన్న ఆడవాళ్లు ఎందుకు వద్దంటున్నారో అడిగిన నాయకుడు మాత్రం నాకింకా తగల్లేదు. మహిళా ఉద్యోగులకు ఎన్ని కాన్పులకైనా ప్రసూతి సెలవు ఇస్తామన్నారు, సంతోషం. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి ఇచ్చే సెలవు 15 రోజులు. పదహారో రోజు నుంచి అర్ధరాత్రి లేచి డైపరు మార్చేదెవరో ఏ జీవోలోనూ రాయలేదు.