22 అడుగుల సంసారం

సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకి శని, ఆదివారాల్లో మూడే పనులు: కాస్ట్‌కోకి వెళ్ళడం, పిల్లని కూచిపూడి క్లాసులో దింపడం, ఎవరో ఒకరి గృహప్రవేశంలో పులిహోర తినడం. ఈ మూడూ ఎగ్గొట్టడానికి నాకు దొరికిన మర్యాదైన సాకు పడవ. పేరు ‘గోదావరి’. పొడవు 22 అడుగులు, వెడల్పు ఎనిమిదడుగులకి కాస్త తక్కువ. వెనక 90 గుర్రాల ఔట్‌బోర్డ్ ఇంజను, ముందు ఇద్దరికి సరిపడే పడక, మధ్యలో కిందికి దించితే మంచమయ్యే బల్ల. ఇలాంటివాటిని ఇక్కడ పాకెట్ క్రూజర్లంటారు. చలికాలం ట్రైలరు మీద ఇంటి ముందు పెట్టుకోవచ్చు. వేసవిలో ప్యూజెట్ సౌండ్ మీదుగా శాన్ వాన్ దీవుల దాకా పోయి, అందులోనే వండుకుని అందులోనే పడుకోవచ్చు.

ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టకూడదన్నారు పెద్దలు. వాళ్ళకి ఏనుగుల సంగతి తెలుసు గానీ పడవ సామాన్ల కొట్టు సంగతి తెలియదు. అక్కడ ఏనుగు కంటే అంకుశమే ఖరీదు. మామూలు కొట్లో మామూలు ధరకి దొరికే కొక్కేనికి ‘మెరైన్’ అని చీటీ అంటిస్తే ధర మూడింతలవుతుంది. ఇందులో సగం దోపిడీ, సగం నిజం. ఉప్పుగాలికి మామూలు రాగితీగ లోపల్లోపలే పచ్చబడి పొడిపొడి అయిపోతుంది. పడవలో వాడే తీగలో ప్రతి పోగుకీ తగరం పూత ఉంటుంది. ఏ సగం దోపిడీయో, ఏ సగం నిజమో కనిపెట్టడమే పడవ యజమాని చదువు. ఈ చదువుకి ఫీజు ఎక్కువ, పట్టా లేదు.

ఏ సామాను ముందు కొనాలన్న దాని మీద మా ఇంట్లో రెండు సిద్ధాంతాలున్నాయి. స్క్రూడ్రైవరుతో బిగించగలిగిన ప్రతిదీ అత్యవసరమే అన్నది నాది. మా ఆవిడ దగ్గర కొలబద్ద ఒక్కటే: అది ఉంటే తను మళ్ళీ పడవెక్కుతుందా, ఎక్కదా? నా సిద్ధాంతం ప్రకారం కొన్నవన్నీ పడవలో ఉన్నాయి. ఆవిడ సిద్ధాంతం ప్రకారం కొన్నవి పనిచేస్తున్నాయి.

ఆ లెక్కన మొదటిది హీటరు. ఆగస్టులో కూడా సియాటిల్ ముందున్న సముద్రపు నీళ్ళు 13, 14 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి. రాత్రి కేబిన్‌లో ఇద్దరు ఊపిరి పీల్చి వదిలితే ఆ ఆవిరంతా కప్పుకి పట్టి, తెల్లారుజామున బొట్టు బొట్టుగా మొహం మీద పడుతుంది. ఎందుకోగానీ నా వైపు పడదు, ఆవిడ వైపే. అందుకే ఫిన్లాండువాళ్ళ వాలస్ డీజిల్ పొయ్యి బిగించాం. పైన నున్నటి గాజుపలక. మూత తీస్తే పొయ్యి, మూత వేస్తే ఫ్యాను తిరిగి హీటరు. మంట పలక కింద మూసిన పెట్టెలో మండుతుంది, పొగా తేమా గొట్టంలోంచి బయటికి పోతాయి, లోపలికి పొడి వేడి వస్తుంది. పక్కనే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టుకోవాలి, అందులో బేరాల్లేవు. పొయ్యికున్న లోపం ఒక్కటే, నింపాది. ఉప్మాకి మూకుడు పెట్టి ఆవాలు చిటపటమనేలోపు మా అత్తగారు విష్ణు సహస్రనామం సగం ముగిస్తారు. అయినా రాత్రి తోడేసిన పాలగిన్నె దాని పక్కన పెడితే పొద్దున్నకి పెరుగు గట్టిగా తోడుకుంటుంది. ఆ చలి నీళ్ళ మీద ఇంతకంటే గొప్ప సాంకేతిక విజయం నాకు తెలియదు.

రెండోది మరుగుదొడ్డి. 2018 మే నుంచి ప్యూజెట్ సౌండ్‌లో పడవల మురుగు, శుద్ధి చేసిందైనా సరే, వదలడం నిషేధం. కాబట్టి మోసుకుపోయే చిన్న టాయిలెట్ పెట్టె తప్పదు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ అడిగింది.

“ఏమండీ, ఇది ఎక్కడ పెడతారు?”

“పడక దగ్గర.”

“దగ్గర అంటే?”

“తల వైపు కాదులే, కాళ్ళ వైపు.”

ఆవిడ చాలాసేపు కిటికీలోంచి సముద్రం చూసింది. తర్వాత తెర ఒకటి కుట్టించింది. పెట్టె కింది అర ఊడదీసి రేవులో ఖాళీ చేసే బాధ్యత ఎవరిదన్న విషయం మీద మా మధ్య చర్చ జరగలేదు. కొన్ని పదవులు ఏకగ్రీవమే.

మూడోది ప్రెషర్ కుక్కరు. దీన్ని ఏ పడవ కేటలాగులోనూ యాక్సెసరీ కింద చూపించరు, చూపించకపోవడానికి బలమైన కారణమే ఉంది. సముద్రం మీద ఎదురుపడే పడవలు కూతలతో మాట్లాడుకుంటాయి, దానికి చట్టం ఉంది. ఒక్కొక్కటి సెకను చొప్పున మూడు కూతలంటే ‘నా ఇంజను వెనక్కి తిప్పుతున్నాను’ అని అర్థం. ఐదు లేదా ఎక్కువైతే ‘నీ ఉద్దేశం నాకు అర్థం కావడం లేదు, ప్రమాదం’ అని. మన వంటింటి చట్టం ప్రకారం కందిపప్పుకి మూడు, నానబెట్టని శనగలకి ఐదు పైమాట. రేవులోంచి మెల్లిగా బయటికొస్తుంటే లోపల పప్పు మూడో కూత కూసింది. వెనక వస్తున్న తెరచాప పడవాయన చటుక్కున పక్కకి తప్పుకుని నాకు గౌరవంగా చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. అప్పటినుంచీ మా పడవలో లంగరు వేశాకే కుక్కరు పెట్టాలని రూలు. శనగలు ఇంటి దగ్గరే.

ఇక నా సిద్ధాంతం ప్రకారం కొన్నవాటిలో మా ఆవిడ కూడా ఒప్పుకున్నవి ట్రిమ్ ట్యాబులు. పడవ వెనక, నీటిమట్టం దగ్గర, ఎడమా కుడీ రెండు స్టీలు పలకలు. పడవ పరుగులో ఉండగా మీట నొక్కితే ఒకటి కిందికి వంగుతుంది, పడవ ఆ వైపు పైకి లేస్తుంది. చిన్న పడవ మనుషుల బరువుని దాచిపెట్టదు. మా మావయ్యగారు కోనసీమ మనిషి, పూతరేకులూ పాలకోవా అలవాటున్న శరీరం. వేసవికి వచ్చినప్పుడల్లా ఎడమ పక్క సీటు ఆయనదే. ఆయన కూర్చోగానే ‘గోదావరి’ ఎడమకి ఒరుగుతుంది. “అల్లుడుగారూ, పడవ ఇటు ఒరుగుతోంది, చూసుకోండి” అంటారు. చూసుకుంటాను. అల్లుడనేవాడు మావగారిని కుడిపక్కకి జరగమనలేడు కాబట్టి మీట నొక్కుతాను. పడవ తిన్నబడుతుంది. “ఇంజినీరింగ్ చదివిన అల్లుడు కావాలని అందుకే పట్టుబట్టాను” అంటారాయన.

మావయ్యగారి సత్తా బయటపడింది బాలర్డ్ లాకుల దగ్గర. సియాటిల్‌లో లేక్ యూనియన్ మంచినీటిది, బయట ప్యూజెట్ సౌండ్ ఉప్పునీటిది. రెండింటికీ మట్టం తేడా ఉంటుంది. మధ్యలో 1917 నుంచి ఈ లాకులున్నాయి. ఇక్కడి స్నేహితులకి ఈ లాకులు వివరించడానికి నేను కాగితం మీద బొమ్మ గీయాలి. మావయ్యగారికి అక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పటినుంచీ ఆ కాలవల మీద పడవలు లాకుల్లోంచే దిగేవి. “ఇవి మన లాకులేగా!” అని లుంగీ సవరించుకుని పడవ ముక్కు మీద నిలబడ్డారు. ఇక్కడి నియమం ప్రకారం చివర ఉచ్చు ఉన్న 50 అడుగుల తాళ్ళు రెండు, రెండు పక్కలా గోడకి రాసుకోకుండా గాలి నింపిన ఫెండర్లూ ఉండాలి. నీళ్ళు దిగుతున్నకొద్దీ తాడు వదులుతూ ఉండాలి. బిగించి కట్టేస్తే నీళ్ళు కిందికి పోతాయి, పడవ గోడకి వేలాడుతుంది. పక్కన పెద్ద యాటులో ఒకాయన సరిగ్గా అదే పని చేయబోతుంటే మావయ్యగారు “వదులు! వదలవయ్యా తాడూ!” అని తెలుగులో కేకేశారు. ఆయన వెంటనే వదిలాడు. భాష సంగతి తర్వాత, గొంతులో లాకులున్నాయి. మా పడవలో అన్నిటికంటే చవకైన సామాను ఆ తాళ్ళే, ప్రతి లాకు దగ్గరా అక్కరకొచ్చేవీ అవే.

లైఫ్ జాకెట్ల సంగతీ ఈ సందర్భంలోనే చెప్పాలి. మనిషికొకటి ఉండాలని చట్టం. బస్తాలా ఉండే పాతరకం ఎవరూ వేసుకోరని మెడలో దండలా ఉండే కొత్తరకం కొన్నాను. తడిస్తే లోపలి బిళ్ళ కరిగి, చిన్న సిలిండరు గ్యాసు వదిలి, దానంతటదే ఉబ్బుతుంది. సూషా దీవి దగ్గర లంగరు వేశాక మావయ్యగారు తీర్థం వచ్చాం కదా అని చెంబుతో సముద్రపు నీళ్ళు ముంచుకుని నెత్తిన కుమ్మరించుకున్నారు. బుస్సుమని జాకెట్టు పొంగి ఆయన మొహం రెండు పసుపు దిళ్ళ మధ్య ఇరుక్కుంది. అత్తగారు లోపలినుంచి తొంగి చూసి, “పనిచేస్తోందన్నమాట” అని మళ్ళీ సహస్రనామంలో పడ్డారు. సిలిండరూ బిళ్ళా మార్చుకోవాలి, అది వేరే ఖర్చు. అయినా మా దగ్గరున్న భద్రతా సామాన్లలో పరీక్షించి చూసింది ఇదొక్కటే.

లంగరు విషయంలో లెక్కలు రావాలి. పాటు సమయానికి 20 అడుగుల లోతుందనుకోండి. పోటుకి ఇంకో 10 అడుగులు పెరుగుతుంది, పడవ ముక్కు నీటికి నాలుగడుగుల ఎత్తు. మొత్తం 34. దానికి ఐదింతలు, అంటే 170 అడుగుల గొలుసూ తాడూ వదిలితే లంగరు అడుగున పడుకుని మట్టిలో గుచ్చుకుంటుంది. గాలి ఉంటే ఏడింతలు. పొద్దున్నే అదంతా పైకి లాగాలి. విద్యుత్తు విండ్లాస్ బిగించకముందు లాగేది నేను, “జాగ్రత్త, నడుం పట్టేస్తుంది” అనేది మా ఆవిడ. ఇప్పుడు ఆవిడే బొటనవేలితో బటన్ నొక్కి కాఫీ తాగుతుంది.

కరెంటుకి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వేశాం. పాత సీసం బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడితే ఆయుష్షు తగ్గుతుంది, ఇది దాదాపు మొత్తం వాడుకోవచ్చు, బరువూ సగం లోపే. కప్పు మీద సోలార్ పలక కూడా ఉంది. సియాటిల్‌లో సోలార్ అంటే ఆస్తికత్వం. జులైలో దర్శనం, నవంబరులో ప్రార్థన.

ఆటోపైలట్ గురించి మా ఆవిడ ఇచ్చిన ధ్రువపత్రం ఇది: “మీకంటే తిన్నగా తోలుతోంది, దారి గురించి వాదించదు.” ఒక్క మాట మాత్రం తోలేవాళ్ళందరికీ చెప్పాలి. ఈ నీళ్ళలో సగం మునిగి తేలే దుంగలుంటాయి, కొన్ని నిలువునా తేలతాయి. అవి దారి చూపే చార్ట్‌ప్లాటర్ తెర మీద ఉండవు, ఆటోపైలట్ కళ్ళకి కనిపించవు. రెండు చేతులకీ విశ్రాంతి దొరుకుతుంది, రెండు కళ్ళకీ దొరకదు. వీహెచ్‌ఎఫ్ రేడియో కూడా ఫోనుంది కదా అని మానేసేది కాదు. ఆపదలో ఎర్ర బటన్ నొక్కితే మన పడవ రేడియోకిచ్చిన తొమ్మిదంకెల నంబరూ, జీపీఎస్ కలిపి ఉంటే మనమున్న చోటూ కోస్ట్‌గార్డుకి వెళ్తాయి. మామూలు రోజుల్లో మాత్రం పడవ పేరు అక్షరం అక్షరం చెప్పుకోవాలి: గోల్ఫ్, ఆస్కార్, డెల్టా, ఆల్ఫా, విక్టర్, ఆల్ఫా, రోమియో, ఇండియా. చివరి రెండు మాటలకీ అవతలివాళ్ళు చిన్నగా నవ్వుతారు.

ఇక మా ఇంట్లో రెండు సిద్ధాంతాలూ కలిసి ఓటేసిన సామాను పీతల బుట్టని లాగే కరెంటు మోటారు. డంజనెస్ పీత ఇక్కడి వేసవి ప్రసాదం. లైసెన్సుండాలి, సీజనుండాలి. మగపీతే అయ్యుండాలి, గుల్ల గట్టిగా ఉండాలి, అడ్డంగా కొలిస్తే ఆరుంబావు అంగుళాలకి తగ్గకూడదు, మనిషికి రోజుకి ఐదు మించకూడదు. బుట్టకి కట్టిన బెండు సగం ఎరుపు, సగం తెలుపు ఉండాలి. ఇన్ని పరీక్షలు నెగ్గిన పీతకి చింతపండు పులుసులో సీటు ఖాయం. గేజి పట్టుకుని కొలిచే పని మావయ్యగారిది. పావంగుళం తగ్గితే “ఇంకో ఏడాది చదువుకో” అని నీళ్ళలోకి వదిలేస్తారు. ఒకప్పుడు తడితాడుతో బుట్ట లాగి చేతులు బొబ్బలెక్కేవి. మోటారు వచ్చాక నేను ఆ సమయంలో ఉల్లిపాయలు తరుగుతున్నాను.

అన్నీ కొన్నాక తెలిసే భౌతికశాస్త్రం ఒకటుంది. ప్రతి సామానుకీ బరువుంది. 22 అడుగుల పడవ వెనకభాగం సామాను సామానుకీ కిందికి కూరుకుపోతుంది, వేగం తగ్గుతుంది, పెట్రోలు పెరుగుతుంది. అప్పుడు కొట్టువాడు పెద్ద ఇంజను చూపిస్తాడు, అది ఇంకా బరువు. అందుకని మా పడవలో ఇప్పుడు చట్టం మారింది: ఒకటి లోపలికొస్తే ఒకటి బయటికి పోవాలి. నీటికింద వెలిగే నీలి దీపాలు పోయాయి. బకెట్టు, తలకి కట్టుకునే దీపం, కొక్కెం కర్ర, కిటికీ తుడిచే రబ్బరు కర్ర మాత్రం ఎవరొచ్చినా పోవు.

కాబట్టి చిన్న పడవ కొనబోయేవాళ్ళకి నా తీర్పు: వెచ్చదనం, మరుగు, లంగరు, తాళ్ళు, రేడియో. ఈ ఐదూ ముందు. మిగతావి, పక్కనున్న మనిషి మళ్ళీ పడవెక్కుతానంటే. ఎక్కనంటే ఎన్ని బిగించినా అది ట్రైలరు మీది అలంకారమే. ఈ వేసవికి పిల్లల దగ్గరికి సియాటిల్ వచ్చే పెద్దలెవరైనా మా ‘గోదావరి’ ఎక్కొచ్చు. గట్టి సూట్‌కేసులు తేవద్దు, మెత్తటి సంచీ తెచ్చుకోండి. స్వెట్టరొకటి, కాస్త ఆవకాయ. కుక్కరు మాత్రం వద్దు, ఉంది.